ఏడో గమనిక

ఆడపిల్ల రాత్రంతా ఆఫీసులో ఒంటరిగా ఉంటే ఏమవుతుందోనని తల్లి తోడు వచ్చి, గోడవారగా కుర్చీ వేసుకుంది. తెల్లారితే ఆ పాత గోడనే పడగొడతారు. ఈలోగా కంప్యూటర్లో ప్లాను మీద పనివాళ్లకు గమనికలు పెట్టడం కూతురి పని.

గదిలో ఏదో మెత్తగా తడుతున్న చప్పుడు. ఫ్యాను ఊడి నెత్తిన పడుతుందేమోనని తల్లి రెండుసార్లు పైకి చూసింది.

"నోట్ నుంచి గీసిన బాణం ప్లానులో దేన్నైనా తాకితేనే ఆ నోట్ పక్కన లిస్టులోకి ఎక్కుతుందమ్మా. ఆరు పెట్టాను. తప్పులున్నాయేమో చదివి చెప్పు."

తల్లి కూడబలుక్కుంటూ చదివింది. ఆరు దగ్గర ఆగలేదు.

"ఏడు. ఈ గోడ కొట్టకండి. పాప ఇప్పుడే పడుకుంది."

"భయాలు చాలక కథలు కూడానా!" అంటూ కూతురు తెర వైపు తిరిగింది. ప్లానులో ఏడో బాణం మొన తల్లి వెనకున్న గోడకే ఆని ఉంది.

"ఎవరో ఆటపట్టిస్తున్నారు," అంది కూతురు.

"ఉండనీవే. కన్నతల్లి రాసినట్టుంది."

"ఆరింటికల్లా పనివాళ్లొస్తారమ్మా." కూతురు దాన్ని చెరిపేసింది.

చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. ఇందాక వినిపించింది బిడ్డను జోకొట్టే చప్పుడని తల్లికి అప్పుడు తెలిసింది.

గోడలో ఏదో కదిలి, సన్నగా మూలిగింది.

మాట్లాడొద్దని తల్లి సైగ చేసింది. ఆమె అరచెయ్యి తనకు తెలియకుండానే గోడను మెల్లగా తట్టసాగింది.

ఆరు కావడానికి ఇంకా నాలుగు గంటలున్నాయి.