మూడో పేజీలో ఫొటో

మధ్యాహ్నం బండిలో నాగపూర్ నుంచి మరాఠీ పేపరు కట్ట దిగింది. చీకటి పడేలోగా రాయపూర్‌లోని మరాఠీ ఇళ్ళన్నిటికీ సుందరరావు ముఖం తెలిసిపోయింది.

వచ్చేవి నలభై కాపీలే. ఒక్కో కాపీ పది ఇళ్ళు తిరుగుతుంది. మూడో పేజీలో అతని ఫొటో, కింద వార్త. స్టేషన్లో రద్దీలో కాలుజారి పట్టాల మీద పడ్డ ఏడేళ్ళ పాపను, రైలు మీదికొస్తుంటే దూకి పైకెత్తిన తెలుగు రైల్వే గుమాస్తా అని.

మర్నాడు ముక్కూమొహం తెలియనివాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ నమస్కారం పెట్టారు. సుందరరావు తల వంచుకుని నడిచాడు. మూడో రోజు నుంచి పెద్దరోడ్డు వదిలి గుఢియారీ పేట సందుల్లోంచి ఆఫీసుకు వెళ్ళసాగాడు.

"ఎందుకండీ అంత మొహమాటం? బస్తీ అంతా తారీఫ్ చేస్తుంటేనూ!" అంది భార్య ప్రమీల. మరాఠీ రాకపోయినా ఆ పేజీ కత్తిరించి, గోడ మీద యేసు ప్రభువు పటం పక్కనే అంటించింది.

"తీసెయ్ ప్రమీలా."

"తియ్యను."

ఆ గదిలో అన్నం తినడం మానేశాడు సుందరరావు.

చివరికి హిందీలో పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ పొగడ్తకు తాను తగనని, ఇంకేమీ రాయవద్దని. నాలుగు రోజులకు అదీ అచ్చయింది. పైన పెద్దక్షరాల్లో 'నిరాడంబరుడు' అని పెట్టారు. నమస్కారాలు రెట్టింపయ్యాయి.

ఆదివారం పాప తాతగారు గద్రే మాస్టారు వచ్చారు, పాపను వెంటబెట్టుకుని. పాప ఎడమచేతికి కట్టు ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి, గుమ్మంలోనే వంగి సుందరరావు కాళ్ళు ముట్టుకోబోయారు.

సుందరరావు గబుక్కున వెనక్కి జరిగాడు. "వద్దు మాస్టర్‌జీ! పేపర్లో రాసింది పూరా నిజం కాదండీ."

మాస్టారు నవ్వారు. "నలభై ఏళ్ళుగా చదువుతున్నాను బేటా. ఇంత దూరమొచ్చి బతుకుతున్న మాకు పుట్టిల్లు లాంటిది ఆ పేపరు. అబద్ధం రాయదు."

"కాదు, నా మాట వినండి..."

"మంచివాళ్ళందరూ ఇలాగే అంటారు." మాస్టారు మనవరాలి వైపు తిరిగారు. "కాకాకు దండం పెట్టమ్మా."

పాప కట్టు కట్టిన చేతిని మెల్లగా పైకెత్తి, రెండో చేత్తో జతచేసింది. అతని కళ్ళల్లోకి చూసి నవ్వింది.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా సుందరరావు నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు కిటికీ పక్క సీటు కోసం, రైలు ఇంకా రాకముందే జనాన్ని తోసుకుంటూ ముందుకు ఉరికి, ఆ పాపను పట్టాల మీద పడేసింది అతని భుజమే.