కంచె లోపల జమ్ము

"ఆగు తాతా! ఇంకొక్క అడుగేస్తే ఫారెస్టోళ్లకు ఫోన్ చేస్త."

పావని ముళ్లతీగ కంచె ముందు అడ్డంగా నిలబడింది. శేషయ్య గేదెలు పద్నాలుగూ ఆమె ఎదుట బుసలు కొడుతున్నాయి. బాళగనూరు కాలువ ఊటతో ఏర్పడిన మడుగు అది. అక్కడి నివ్వరి గడ్డిని, అంటే దున్నకుండా పండే అడవి వరిని, కాపాడాలని రెండేళ్ల కింద ఆమే ఆ కంచె వేయించింది.

"చెయ్యమ్మాయ్. ముందు లోపల నివ్వరి ఎంతుందో చెప్పు."

"పోయినేడు నలభై దుబ్బులుండె. ఇప్పుడు ఆరే. నీ బర్లే దొంగతనంగ మేస్తున్నయి!"

"కంచె ఎక్కడన్నా తెగిందా?"

ఎక్కడా తెగలేదు.

"సముద్రం పక్కన మా లంకలోనూ ఇట్టాగే గేదెల్ని రానివ్వకుండా చేశారు. జమ్ముగడ్డి నిలువెత్తున లేచి నివ్వరిని మింగేసింది. ఋషిపంచమి నోముకి దున్నని నేలలో పండిన గింజే తినాలని మా అమ్మ దానికోసం ఊళ్లు పట్టుకు తిరిగేది. ఈ ఏడూ గేదెలు దిగి జమ్ముని మేసి తొక్కకపోతే నీ ఆరు దుబ్బులూ ఉండవు."

"బర్లు తొక్కితే గడ్డి బతుకుతదా?"

"నీ కాళ్ల దగ్గర చూడు."

పావని వంగి చూసింది. కంచె బయట బురదలో గేదెల గిట్టలు దిగిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. గుంటగుంటకీ ఒక నివ్వరి మొలక లేచి ఉంది.

కంచె లోపల జమ్ము దట్టంగా ఊగుతోంది.

పావని సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీసి మొదటి తీగ తెంచింది.

"ముందుగాల ఏ బర్రె పోవాలె, తాతా?"