పెదవి మీద నొక్కు

"ఆ నొక్కు చెరిపెయ్యమ్మాయ్," అన్నాడు మేస్త్రి, తెర మీద చూపుడువేలు ఆనించి. "స్కాన్ చేసే యంత్రం పొరపాటది. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి?"

కుర్చీలో కూర్చున్న అమ్మాయి తల తిప్పలేదు. షెడ్డులో అందరూ ఆమెను వలమ్మాయి అంటారు. రేకు వస్తువు ఏదైనా సరే, దాని ఒంటినిండా కంప్యూటర్లో సన్నని త్రికోణాల వల కప్పుతుంది గనక ఆ పేరు. ఆ వలనే మెష్ అంటారు. వల ఒంటికి సరిగ్గా అంటుకుంటేనే గాలి ఎటు పోతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎంత చప్పుడు చేస్తుందో కంప్యూటరు చెప్పగలదు. "రోజంతా త్రికోణాలు గీస్తే జీతమిస్తారా, ఆ పని మూడో తరగతిలోనే చేశావు కదే" అని వాళ్లమ్మ ఇప్పటికీ వేళాకోళమాడుతుంది. ఆడితే ఆడింది గానీ, తన వల మీద వలమ్మాయికి మహా గర్వం. ఉండాలి కూడా.

ఇప్పుడా గర్వానికే ఎసరొచ్చింది. ఆసుపత్రి గదుల్లో పెట్టే గాలి బ్లోయర్ల కోసం మేస్త్రి చేత్తో చేసిన మొదటి పీసు, తిరుగుతోందో లేదో చెవి ఆనించి వినాల్సినంత మెత్తగా తిరిగింది. ఆసుపత్రి వాళ్లు ముచ్చటపడి రెండు వందలు కావాలన్నారు. అదే డ్రాయింగు పట్టుకుని అదే మేస్త్రి చేసిన తర్వాతి తొమ్మిదీ చెవులు గింగుర్లెత్తించాయి. కారణమేమిటో రేపు పదకొండింటికి వాళ్లకి చెప్పాలి. చెప్పలేకపోతే ఆర్డరు పోతుంది. దాంతోపాటు కంప్యూటరు గదికి తాళం వేస్తానని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అందుకే ఆమె మూడు రోజులుగా మొదటి పీసు స్కాను ముందే కూర్చుంది. గాలి బయటికి మళ్లే చోటుండే అంచుని పెదవి అంటారు. ఆ పెదవికి ఒక కొసన గోరంత నొక్కు కనిపించింది. ఆమె మొదట వేసిన పెద్ద పెద్ద త్రికోణాల పాత వల దాన్ని దాటుకుని పోయి, అంచుని నున్నగా చూపించింది.

"పొరపాటు కాదు బాబాయ్. మూడుసార్లు స్కాన్ చేయించాను. మూడుసార్లూ ఉంది."

"ఉంటే ఉండనీ. చేత్తో చేసిన సరుకు అద్దంలా వస్తుందా? నున్నగా చేసేసి లెక్క చూసుకో."

"మొదటిసారి నున్నగా చేసే కదా మోసపోయాం."

మేస్త్రి భుజమ్మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఏసీ గదిలో ఈయనకి చెమటేమిటా అనుకుంది వలమ్మాయి. కాసేపటికి అర్థమైంది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు, విద్య దాచుకునే రకం.

"నిజం చెప్పండి బాబాయ్. ఈ నొక్కు మీ చేతిదేనా?"

ఆయన నేలకేసి చూశాడు. "నా చేతి మీదుగానే పడింది," అని, ఇంకో ప్రశ్నకి తావివ్వకుండా వెళ్లిపోయాడు.

ఆయన అటు వెళ్లగానే మేనేజరు ఇటు వచ్చాడు. "ఇంకా ఎంతసేపమ్మా? పాత వలతోనే కానిచ్చెయ్."

"పిండి కొద్దీ రొట్టె సార్. వల ఎంత సన్నమైతే జవాబు అంత నిజం."

"మొత్తం సన్నం చేస్తే రేపు సాయంత్రానికి గానీ తేలదన్నావుగా?"

"మొత్తం చెయ్యను. పెదవి దగ్గరే."

అన్నంత పనీ చేసింది. నొక్కు చుట్టూ త్రికోణాలను సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసింది. సూదుల్లా సాగిపోయినవాటిని ఒక్కొక్కటే పట్టి దారికి తెచ్చింది. పెద్దవాటి పక్కన చిన్నవి ఒక్కసారిగా రాకుండా మెట్టు మెట్టుగా దించింది. ఎక్కడా చిల్లు లేదని మళ్లీ మళ్లీ చూసుకుంది. నొక్కు లోతూ, వాలూ, చివరన ఉన్న చిన్న ముడతా అన్నీ వలలో చిక్కాయి. ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరనుకుంది. అనుకోవడంలో తప్పేం లేదు, నిజంగానే బాగా చేసింది.

పొద్దున తొమ్మిదింటికి జవాబొచ్చింది. నొక్కు వల్ల పెదవి ఒక పక్కకి వాలింది. బ్లోయరు లోపల తిరిగే రెక్కలు తోసే గాలి దానికి ఒక్క దెబ్బగా తగలకుండా ఆ కొస నుంచి ఈ కొసకి జారుకుంటూ పోతోంది. అందుకే చప్పుడు లేదు. పక్క కంప్యూటర్లో నొక్కు లేకుండా వేసిన లెక్కలో మాత్రం గోల గోలగానే ఉంది.

ఆసుపత్రి వాళ్లు వచ్చారు, తెర చూశారు, మొదటి పీసు విన్నారు, సంతకం పెట్టారు. మేనేజరు షెడ్డంతటినీ పిలిచి, వలమ్మాయిని ముందు నిలబెట్టి, గదికి తాళం కాదు, ఇంకో కొత్త కంప్యూటరు వస్తుందన్నాడు. ఆమెకి కళ్లు చెమర్చాయి. తర్వాత మేస్త్రిని చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చాడు.

"కాగితం మీద లేని విద్య ఈయన చేత్తో చేసి చూపించారు. పైగా ఒక్క మాట చెప్పుకోలేదు. నిండుకుండ తొణకదంటే ఇదే. రెండు వందల పీసులూ ఇదే నొక్కుతో ఈయన చేతి మీదుగానే రావాలి."

చప్పట్లకి రేకుల కప్పు అదిరింది. మేస్త్రి చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు. ఎంత వినయమో అని అందరూ చెప్పుకున్నారు.

జనం పలచబడ్డాక ఆయన కంప్యూటరు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వలమ్మాయి గబగబా లేచి కుర్చీ జరిపింది. దాచుకున్న విద్య తనొక్కదానికే చెబుతాడు కాబోలని ఆమె గుండె పొంగింది.

"మీ చేతిపనికి వల వెయ్యడం నా అదృష్టం బాబాయ్. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. తెర మీది నొక్కునే చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఎంత ఎత్తు నుంచి గచ్చు మీద జారవిడిస్తే మళ్లీ ఇదే నొక్కు పడుతుందో చెప్పగలవా, తల్లీ?"