ఆరో తారీఖున దూరినవాడు

"ముందు నెట్ వైరు పీకెయ్యండి మాస్టారూ. దొంగ లోపలుండగా తలుపు బార్లా తీసి పెట్టకూడదు," అంది కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి.

లెక్కల మాస్టారు వంగి వైరు పీకారు. వెనక కుర్చీలో హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు.

వార్షిక పరీక్ష లెక్కల పేపరు ముందురోజే పిల్లల ఫోన్లలో ఫొటోగా తిరిగింది. ఫొటో తిరిగింది పద్నాలుగో తారీఖున. ఆ పేపరు తన ఇంట్లో, ఈ కంప్యూటర్లో తయారుచేసింది మాస్టారు. బడిలో కాపీలు తీసింది జిరాక్సు బాబాయ్. మూడో మనిషి కంటపడలేదు.

మాస్టారిది ఇరవయ్యారేళ్ల మంచిపేరు. బాబాయ్‌కి ఉన్నది ఆ మిషనొక్కటే. వేటు ఎవరి మీద పడుతుందో తేల్చడానికి పెద్ద లెక్కలేమీ రానక్కర్లేదు. ఆ రోజే బాబాయ్‌ని ఇంటికి పంపేశారు. ఇవాళ పద్దెనిమిది. సాయంత్రం బడి కమిటీ కూర్చుంటే అతని పంతొమ్మిదేళ్ల ఉద్యోగం గంగలో కలిసినట్టే.

"కంప్యూటరు ఎందుకో నత్తనడక నడుస్తోంది సార్. కమిటీ కంటే ముందు ఒకసారి చూపిద్దాం," అని పొద్దున్నే హెడ్మాస్టరుకి ఫోన్ చేసి పిలిచింది మాస్టారే.

"దొరికాడు!" అమ్మాయి తెర మీద వేలు పెట్టింది. "స్పైవేర్. మీరు కొట్టే ప్రతి అక్షరం, తెరిచే ప్రతి ఫైలు ఎవడికో చేరవేస్తూ ఉంటుంది. మీకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు."

"వంటింట్లో పిల్లి దూరితే గిన్నెలైనా చప్పుడవుతాయి. ఇదేం పాడు దొంగ తల్లీ!" గుమ్మంలోంచి మాస్టారి భార్య బుగ్గలు నొక్కుకుంది.

"ఈ దొంగలు గోడ దూకి రారు ఆంటీ. మనమే రమ్మంటాం. ఊరికే ఇస్తున్నారని ఏదైనా దించుకున్నారా మాస్టారూ?"

"పాత పాటలు వినే ప్రోగ్రాం ఒకటి."

"చదవకుండా సరే, సరే అని నొక్కుకుంటూ పోయారా?"

"పోయాను."

"దాంతోపాటు ఇంకోటి కూడా ఎక్కుతుందని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ప్రమాదమని హెచ్చరిక రాలేదా?"

"వచ్చింది. అడ్డమొస్తోందని దాన్ని ఆపేశాను."

"పిల్లలు ఒక్క స్టెప్పు ఎగ్గొడితే రెండు మార్కులు కోస్తారే! ఈయనగారు మాత్రం అన్ని స్టెప్పులూ ఎగ్గొట్టారన్నమాట," అంది భార్య.

హెడ్మాస్టరు కూడా నవ్వేశారు. మాస్టారు తలెత్తలేదు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"అది ఎప్పుడు చేరిందో తెలుస్తుందా అమ్మా?" అడిగారు.

అమ్మాయి నాలుగు మీటలు నొక్కింది. "ఆరో తారీఖు. సాయంత్రం ఏడుంపావు."

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచారు. "పేపరు టైపు చేసింది ఎనిమిదిన కదండీ! అంటే అప్పటికే వాడు లోపల పీట వేసుక్కూర్చున్నాడు. అయ్యో, పాపం బాబాయ్‌ని అన్యాయంగా అనుమానించామే!"

అక్కడే ఫోన్ తీసి, జరిగింది చెప్పి బాబాయ్‌ని రమ్మన్నారు.

అమ్మాయి గంటసేపు పని చేసింది. కంప్యూటర్ని, అవసరమైనవి తప్ప ఏవీ నడవని సేఫ్ మోడ్‌లో తెరిచింది. పాటల ప్రోగ్రాంని, దాని వెనక నక్కినదాన్ని రెండింటినీ తీసేసింది. ఆన్ చెయ్యగానే వాటంతటవే లేచే ప్రోగ్రాంల జాబితా వెతికి, ఇంకో తోకముక్కని పట్టుకుంది. తను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన, వైరస్‌లు పట్టే స్కానర్‌తో మూల మూలా గాలించింది.

"పాస్‌వర్డులన్నీ మార్చెయ్యండి. ఇందులో కాదు, వేరే కంప్యూటర్లో. ఇంకెప్పుడూ హెచ్చరికలు ఆపకండి. సిగ్గుపడకండి మాస్టారూ, బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ నొక్కుతారు."

ఆ మాటకి మాస్టారు ఇంకా ముడుచుకుపోయారు.

అంతలో బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. జిరాక్సు బాబాయ్ చెప్పులు విడిచి, చొక్కా బొత్తాలు సర్దుకుంటూ లోపలికొచ్చాడు. నాలుగు రోజులకే గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు.

"రేపట్నించి వచ్చెయ్ బాబాయ్. కమిటీకి నేను చెప్పుకుంటాను," అన్నారు హెడ్మాస్టరు. "మాస్టారికి అజాగ్రత్తగా ఉన్నందుకు ఒక మెమో ఇస్తాం. అంతటితో సరి."

బాబాయ్ సూటిగా మాస్టారి దగ్గరికెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దాచుకుంటే పాపం మాస్టారూ, చెప్పేస్తున్నాను. ఈ నాలుగు రోజులూ మిమ్మల్ని తిట్టుకోని పూట లేదు. ఆయనే చేసి నన్ను బలిపెట్టాడు అని మా ఆవిడతో అన్నాను. దేవుడిలాంటి మనిషిని అన్నందుకు నా నోరు పడిపోవాలి."

"అలా అనకు బాబాయ్."

"అననివ్వండి. నా ఉద్యోగం నిలబడిందంటే మీరు సిగ్గు విడిచి తప్పు ఒప్పుకోబట్టే కదా! ఇంకొకరైతే కంప్యూటర్ని ముట్టనిచ్చేవారా?"

మాస్టారు చేతులు విడిపించుకోబోయారు. బాబాయ్ వదల్లేదు. "చూశారా, ఎంత సిగ్గరో!" అని భార్య మురిసిపోయింది. అమ్మాయి సంచి సర్దుకుంది. హెడ్మాస్టరు భుజం తట్టి వెళ్లారు.

బాబాయ్ సైకిలు వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

బడికి తెలియకుండా చెప్పే ట్యూషన్లో, చిత్తు లెక్కలకని పిల్లలకి పంచిన ఒకవైపు ఖాళీ కాగితాల్లో ఆ పేపరు ప్రింటు కూడా వెళ్లిపోయిందని మొన్న పదహారో తారీఖు సాయంత్రం కనిపెట్టిన మాస్టారు, కంప్యూటర్ తేదీని సరిగ్గా పది రోజులు వెనక్కి తిప్పి, ఆ దొంగని వెతికి వెతికి తన చేత్తోనే లోపలికి తెచ్చుకున్నారు.