నమిలిన బంక

పూర్వకాలపు మనుషులు చెట్టూచేమల్ని ఎలా వాడుకున్నారో తవ్వి తీయడంలోనే ఆ ప్రొఫెసరమ్మ జుట్టు నెరిసిపోయింది. ఇంట్లో మాత్రం ఆ చదువుకు విలువ అంతంతే. "మా కోడలు ఎంగిళ్ల మీద పరిశోధన చేస్తుంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అందులో అబద్ధమూ లేదు. ఇప్పుడు కాలేజీ ల్యాబులో ఆమె బల్ల మీదున్నది వేల ఏళ్ల నాడు ఎవరో నమిలి ఊసేసిన చెట్టుబంక ముద్ద. రాయిలా బిగుసుకుపోయింది. దాని మీద నాలుగు పంటిగాట్లు ఉండగా పొద్దున తనే ఫొటో తీసింది. రాత్రి కొలుద్దామని కూర్చుంటే ఐదు కనిపించాయి.

"ఈ పిల్లలకి ముట్టుకోవద్దంటే చెవికెక్కి చావదు!" అని విద్యార్థులను తిట్టుకుంటూ ఐదో గాటును వేలితో తడిమింది. అక్కడ బంక మెత్తగా ఉంది. వేలికి తడి అంటింది.

అంతలో భర్త ఫోన్ చేశాడు. అసలే ఒళ్లు మండుతున్న ఆమె జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా వెళ్లగక్కింది.

"ముందు ఆ నోట్లోది మింగి మాట్లాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"నోట్లో ఏముందండీ, నా బొంద! మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

"మరి ఆ చప్పుడేంటి? నా చెవిలోనే నములుతున్నట్టుంది."

ఆమె మాట ఆపేసింది. గదిలో ఏ అలికిడీ లేదు. పెదవులు బిగించి, ఊపిరి కూడా బిగబట్టింది.

"అదిగో," అన్నాడాయన విసుగ్గా, "ఇంకా నములుతూనే ఉన్నావు."