పాత లైను మీద ఆషాఢం

“ఫొటోలు తీయనీకె పోతున్నవా, సర్వపిండి అమ్మనీకె పోతున్నవా?”

గేటు దగ్గర నాయనమ్మ నాగవ్వ గొంతు వినబడగానే అమూల్య చేతిలోని సంచిని వెనక్కి దాచుకుంది. సంచి దాగింది గానీ వాసన దాగలేదు. ఇప్పుడే పొయ్యి మీంచి దింపిన సర్వపిండి, నువ్వుల ఘుమఘుమతో కాలనీ అంతటికీ కబురు చెబుతోంది.

“నడిస్తే ఆకలైతది గదా, నానమ్మా. పాత బొగ్గు లైను ఏడిదాక పోయిందో చూసొస్త.”

“పుట్టి పెరిగింది గీడనే. ఒక్కనాడు గా లైను దిక్కు మొఖం పెట్టలే. గిప్పుడేంది?”

“చదువుకున్నదాన్ని. ఊరి చరిత్ర తెలుసుకోవద్దా?”

“నేనూ తెలుసుకుంట. ఆగు, చెప్పులేసుకొస్త.”

అమూల్య వద్దనే లోపే నాగవ్వ చెప్పులేసుకుని వచ్చేసింది. పెళ్లయి నెలన్నర తిరగకుండానే ఆషాఢం వచ్చి, అమూల్యను బెల్లంపల్లిలోని పుట్టింటి క్వార్టర్‌కు పంపేసింది. పాత లైనుకు ఈ చివర పుట్టిల్లు, ఆ చివర అత్తగారి కాలనీ. వచ్చిన రోజే నాగవ్వ శాసనం చదివింది. కొత్త అల్లుడు ఈ గడప తొక్కొద్దు, కొత్త కోడలు ఆ గడప తొక్కొద్దు, అత్తాకోడళ్లు ఎదురుపడొద్దు, నెల గడిచేదాకా ఆ ఇంటి మనిషికీ ఈ ఇంటి మనిషికీ చూపులు కలవొద్దు. మాట తప్పితే మిగిలిన నెలంతా మెట్‌పల్లిలో, కుక్కరు విజిల్‌కు కూడా ఉలిక్కిపడే మేనమామ కాపలాలో ఉండాలి. అక్కడి నుంచి తప్పించుకోవడం చీమ వల్ల కూడా కాదు.

బొగ్గు బాయి మూతబడ్డాక పట్టాలు పీక్కుపోయారు. కంకర కట్ట మాత్రం ఎటు పోవాలో మరచిపోయిన మనిషిలా అక్కడే నిలిచిపోయింది. ఆషాఢం వచ్చినా చినుకు లేదు. రెండు పక్కలా ఎండిన తుమ్మలు, బొగ్గుపొడి కలిసి నల్లబడ్డ మట్టి, కనుచూపు మేర మనిషన్నవాడు లేడు. రెక్క ఊడిన సిగ్నల్ స్తంభం మీద కాకి ఒకటి స్టేషన్ మాస్టరులా కూర్చుంది. అమూల్యకు అన్నీ ముద్దొచ్చాయి. తుప్పుపట్టిన మేకు దొరికితే వెండి పట్టీ దొరికినంత సంబరపడి ఫొటో తీసింది.

అప్పుడే ఫోన్ వణికింది. ‘వంతెన కాడికచ్చిన. జల్ది రా. ఆకలైతుంది.’

“ఎవరు?” నాగవ్వ అడిగింది.

“రీఛార్జి చేసుకోమంటున్నరు.”

“రీఛార్జికి గంత నవ్వెందుకు?”

“ఆఫర్ ఉంది నానమ్మా.”

నవ్వు ఆగితే కదా! ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే ఇద్దరికీ జత కుదిరింది. ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లోకి ఒంపుకోవడం, మామగారు పేపరు తిప్పే లోపల పచ్చి మామిడి ముక్కకు ఉప్పుకారం అద్దుకుని ఒకరి నోట్లో ఒకరు పెట్టుకోవడం, దొరికిపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం. ఇప్పుడు పుట్టింట్లో అన్నీ ఉన్నాయి, చాయ్ పంచుకునే మనిషి తప్ప.

దూరంగా రాతి వంతెన కనబడింది. అమూల్య ఆగిపోయింది.

“నానమ్మా, ముంగట ఎత్తుంది. నీ మోకాళ్లకు కష్టం. ఇంటికి పోదువా?”

నాగవ్వ కంకర మీద చతికిలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది. “పోరీ, నాకు తెల్వదనుకున్నవా, గా వంతెన అవతల ఎవరున్నరో?”

అమూల్య కళ్ల ముందు మెట్‌పల్లి బస్సు కదిలింది.

“నా పెండ్లైన ఏడు, ఆషాఢంల మీ తాత బొగ్గు డబ్బా ఎక్కి వచ్చేటోడు. గీ వంతెన కాడ రైలు మెల్లగైతుండె. దుంకేటోడు. మొఖమంత మసి!”

“ఎవ్వరూ పట్టుకోలేదా?”

“మా అవ్వ పట్టుకున్నది. చెంపకు మసెట్ల అంటిందే అంటే, కడాయి తోమిన అన్న.”

“కడాయి చెంపతోని తోముతరా?”

“మా అవ్వ గూడ గట్లనే అన్నది.”

ఇద్దరూ నవ్వితే కాకి ఎగిరిపోయింది. నాగవ్వ మనవరాలి చెయ్యి పట్టి నొక్కింది. “మొగని మీద పానం గుంజుడు తప్పు గాదు బిడ్డా. పో, సంపతును జూసి రా. ఎవరన్న వస్తే దగ్గుత. ఒక్క ముక్క నాకిచ్చి పో.”

“నువ్వు బంగారం నానమ్మా!” అమూల్య తల వంచుకుని నవ్వు దాచుకుంది. పెద్ద ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టి, చెప్పులు టపటపలాడుతుంటే కట్ట మీద పరుగు తీసింది.

వంతెన గోడ మలుపు తిరిగిందో లేదో, ఓ చెయ్యి ఆమెను నీడలోకి లాగింది.

“నీ కోసం కండ్లు కాయలు గాసినయ్. గింత బక్కగైనవేంది?”

“మీరు మాత్రం? సరిగ తింటలేరు,” అంటూ అమూల్య సంచి విప్పింది. వేడి సర్వపిండి తుంచి నోటికి అందిస్తూ, నానమ్మ పహరా ముచ్చట, తాత మసి ముచ్చట, కడాయి ముచ్చట ఒక్క ఊపిరిలో చెప్పేసింది. కడాయి దగ్గరికి వచ్చేసరికి ఎదుటి మనిషికి పొలమారింది. ఆపుకోలేని నవ్వు వంతెన కింద మార్మోగింది.

అటు కట్ట మీద నాగవ్వ దగ్గు వినిపించింది.

అమూల్య గబుక్కున ఆ నోరు మూసింది.

“మెల్లగ నవ్వుండ్రి, అత్తమ్మా!”