ఎడమ భుజం మీది తువ్వాలు

సాయంత్రం ఆరున్నర. గ్వయాకిల్ నగరంలో ఫిబ్రవరి వాన నిలువునా కురుస్తోంది; గాలి లేదు.

అపరిచితుడు తలుపు తోసుకుని బార్‌లోకి వచ్చాడు. నున్నగా గొరిగిన మెడ, పోలీసులు తొడిగే నల్ల బూట్లు.

బార్ నడిపే నికానోర్ ఆ బూట్లను చూశాడు. కుడి భుజం మీది తువ్వాలును ఎడమ భుజం మీదికి మార్చాడు.

అంతే. జంటలుగా డాన్సు చేస్తున్న మగవాళ్లు విడిపోయారు. బల్లల కింద కలిసి ఉన్న చేతులు పైకి వచ్చాయి.

మగవాళ్ల మధ్య ప్రేమను నిషేధించిన చట్టం దృష్టిలో అక్కడివారందరూ నేరస్థులే. తువ్వాలు ఎడమకు మారితే వచ్చినవాడు పోలీసని అర్థం. అతడు వెళ్లేదాకా ఎవరూ అతడి ముఖంలోకి చూడకూడదు. చూపు కలిపినందుకే లోగడ ఇద్దరు జైలుపాలయ్యారు గనుక ఆ నియమం ఎవరూ తప్పరు.

"ఒక బీరు."

నికానోర్ తల వంచుకునే సీసా పెట్టాడు.

"వెనక దారి ఉందా?" అపరిచితుడు గొంతు తగ్గించాడు.

"ఎందుకు సారూ? అక్కడ కూడా ఒకణ్ణి నిలబెడతారా?" అన్నాడు పక్క స్టూలు మీది మనిషి. రోజూ వచ్చేవాడే.

"ఒసే ఎఫ్రాయినా, ఊరుకోవే! సారు లాఠీ తీస్తాడు," అన్నారెవరో; అక్కడ ఒకరినొకరు ఆడపిలుపులతోనే పిలుచుకుంటారు.

"తియ్యనీ వదినా, ఎన్నాళ్లయిందో చూసి!"

నవ్వులు.

ఎఫ్రాయిన్ అన్న పేరు వినగానే అపరిచితుడు మాట మింగేశాడు. నికానోర్ వైపు వంగి కళ్లతో ఎఫ్రాయిన్‌ను చూపించాడు, తలుపును చూపించాడు. నికానోర్ గ్లాసు తుడుస్తూనే ఉన్నాడు.

"ఒక్కసారి నా వైపు చూడన్నా."

"బాగుందమ్మా, వరసలు కూడా కలుపుతున్నాడు!" అన్నాడు ఎఫ్రాయిన్.

"కొట్టు కట్టేస్తున్నాం సారూ," అన్నాడు నికానోర్, గ్లాసుతో చెబుతున్నట్టు.

"నేను సాగనంపుతాగా!" ఎఫ్రాయిన్ అతడి మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, ఒంటరిగా తిరిగి వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నికానోర్ తువ్వాలు కుడికి మార్చి, ఎఫ్రాయిన్‌కు తన చేత్తో రమ్ము పోశాడు.

ఆ గ్లాసు ఖాళీ కాకముందే పోలీసు లారీ వచ్చి ఆగింది. ఎఫ్రాయిన్‌ను తప్ప అందరినీ ఎక్కించారు.

లారీలో అపరిచితుడు ముందే పడి ఉన్నాడు, నోటి నిండా రక్తంతో. అతడు పోలీసు కాడని అప్పుడు తెలిసింది, ఎవరన్నది తెలియలేదు. తెల్లవారేసరికి ఠాణాలో చనిపోయాడు.

పదకొండేళ్ల తరువాత ఆ చట్టాన్ని కొట్టివేశారు. ఆ వారమే, ఆ అపరిచితుడితో కాపురం చేసిన ఒక వృద్ధుడు వచ్చి నికానోర్‌కు చెప్పాడు: అతడి పేరు సెగుండో, పోలీసు శిబిరంలో క్షురకుడు, ఆ సాయంత్రం కెప్టెన్‌కు గడ్డం గీస్తూ దాడి సంగతీ, బార్‌లో ఉన్న వేగు పేరూ విని, సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలి పరుగెత్తుకొచ్చాడు.